పొట్టు రాని గుడ్డు

ఉడికిన గుడ్డు పొట్టు తీయడం కూడా ఒక విద్యేనా, దాని గురించి ఆరోగ్య శీర్షికలో ఇంత రాయాలా అని మీరు నవ్వుకోవచ్చు. రెండేళ్ల క్రితం వరకు నేనూ నవ్వేదాన్నే. ముప్ఫయ్యేళ్లు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. "రోజూ గుడ్డు పెట్టండమ్మా" అని ఎన్ని వేలమందికి చెప్పానో లెక్కలేదు. ఆ గుడ్డు పొట్టు ఎవరు తీస్తారు, తీసేటప్పుడు ఎంత పోతుంది అన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. మా బాపుకు డయాలసిస్ మొదలైన తర్వాత వచ్చింది.

బాపు కామారెడ్డి బెల్లం మార్కెట్టులో గుమాస్తాగా పనిచేశాడు. పాతికేళ్లుగా చక్కెర జబ్బు. బెల్లం మధ్య బతికినవాడికి చక్కెర జబ్బు రావడం విడ్డూరమేమీ కాదని తనే నవ్వేవాడు. చివరకది మూత్రపిండాల మీదికొచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. అప్పటిదాకా తమ్ముడి దగ్గర, ఎల్లారెడ్డి పక్క ఊళ్లో ఉన్నవాణ్ని నా దగ్గరకు తెచ్చుకున్నాను. అక్కణ్ణుంచి వారానికి మూడుసార్లు బస్సులో ఊగుతూ రావడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

డయాలసిస్ లేనంతకాలం "మాంసకృత్తులు తగ్గించు, పప్పు తగ్గించు" అని ప్రాణం తీసిన డాక్టరుగారే, డయాలసిస్ మొదలవగానే "పెంచు" అన్నారు. ఇందులో తిరకాసేమీ లేదు. రక్తాన్ని శుభ్రపరిచేటప్పుడు చెడుతోపాటు మంచి కూడా కొంత కొట్టుకుపోతుంది. అందుకని ఒంటి బరువులో ప్రతి కిలోకూ రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి. బాపు బరువు 52 కిలోలు. అంటే ఇంచుమించు 60 గ్రాములు. పళ్లు లేని మనిషి, మాంసం నమలలేడు. పాలలో, పప్పుల్లో భాస్వరం, పొటాషియం లెక్కలు అడ్డమొస్తాయి. మిగిలింది గుడ్డు. అందులోనూ తెల్లసొన ఒక్కటే. భాస్వరమంతా పచ్చసొనలోనే ఉంటుంది. తెల్లసొనలో ఉన్నది లేనట్టే లెక్క. రోజుకు నాలుగు గుడ్ల తెల్లసొన పెట్టమన్నారు. దుకాణంలో దొరికే మామూలు గుడ్డులో తెల్లసొన 33 గ్రాములుంటుంది. నాలుగింటికి కలిపి 14 గ్రాముల మాంసకృత్తులు. డాక్టరుగారు చీటీ మీద వేసిచ్చిన లెక్క ఇది.

ఈ మాట చెవిన పడగానే మా మరదలు రంగంలోకి దిగింది. వాళ్లింట్లో పాతిక కోళ్లున్నాయి. "దుకాణం గుడ్లు మామకెందుకు పెడ్తవు వదినా, మన కోళ్లు లేవా?" అని, కామారెడ్డికి ఎవరొస్తే వాళ్ల చేత డబ్బా పంపేది. ఊకలో పేర్చిన గుడ్లు. పంపిన ప్రతిసారీ ఫోను. "పొద్దుగాల పెట్టినయే. ఇంక వేడి సుత తగ్గలె."

ఆ వేడి తగ్గని గుడ్లతోనే నా తిప్పలు మొదలయ్యాయి. ఉడికించి పెంకు మీద గోరు పెడితే చాలు, తెల్లసొన పెచ్చులు పెచ్చులుగా ఊడి పెంకుతో వచ్చేసేది. పాతగోడ సున్నం రాలినట్టు. అక్కడక్కడా పచ్చసొన తొంగిచూసేది. పళ్లెంలో పెడితే బాపు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఎలుక కొరికినట్టున్నది బిడ్డా" అనేవాడు. రెండు ముక్కలు నోట్లో వేసుకునేవాడు. పంటి సందున పెంకు ముక్క కరకరమనేది. అంతే, పళ్లెం పక్కకు జరిగేది.

మూడు నెలలకు రక్తపరీక్ష చేస్తే ఆల్బుమిన్ 2.9కి దిగింది. కనీసం 3.5 ఉండాలి. (ఆల్బుమిన్ అన్న పేరు పుట్టిందే గుడ్డు తెల్లసొనకున్న లాటిన్ మాట నుంచి. అది రక్తంలో ఉండే ప్రధానమైన మాంసకృత్తు. అది తగ్గితే కాళ్లకు నీరు దిగుతుంది, ఒళ్లు నీరసిస్తుంది. డయాలసిస్ రోగుల్లో అది బాగా తగ్గినవాళ్లు తొందరగా దెబ్బతింటారని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు.) "నాలుగు గుడ్లూ తింటున్నాడా?" అని అడిగారు డాక్టరుగారు. "తింటున్నాడు సార్" అన్నాను, తడుముకోకుండా. అబద్ధం కాదు, నేనలాగే అనుకున్నాను.

ఇంటికొచ్చి మర్నాడు ఒక పని చేశాను. పెంకులకు అంటుకున్న తెల్లసొననంతా చెంచాతో గీకి, పథ్యం కోసం కొన్న చిన్న కాటా మీద పెట్టాను. 38 గ్రాములు! నాటుకోడి గుడ్డు చిన్నది. దాని తెల్లసొన 24 గ్రాములకు మించదు. నాలుగూ కలిపితే 96. అందులో 38 చెత్తబుట్టలోకి పోతే మిగిలింది 58 గ్రాములు. అందులో మాంసకృత్తులు ఆరు గ్రాములు చిల్లర. డాక్టరుగారి చీటీలో 14, బాపు కడుపులోకి 6. అదీ పళ్లెం పక్కకు నెట్టని రోజున. ఆల్బుమిన్ పడిపోవడానికి గుడ్డొక్కటే కారణమని నేననను. ఒంట్లో ఎక్కడ చీము పట్టినా, వాపు ఉన్నా అది పడిపోతుంది. కానీ నా చేతిలో ఉన్నది నేను పాడుచేస్తున్నానని తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ఇరుగుపొరుగు సలహాలు మొదలయ్యాయి. ఒకావిడ నీళ్లలో ఉప్పు వేయమంది. ఒకావిడ వెనిగర్ అంది. ఎదురింటాయన, బోరునీళ్లలో సున్నం ఎక్కువ, ఫిల్టరు నీళ్లతో ఉడికించండి అన్నాడు. అన్నీ చేశాను. ఉప్పు వేస్తే, పగిలిన గుడ్డులోంచి సొన బయటకు పాకకుండా తొందరగా గడ్డకడుతుంది. అంతకుమించి ఒరిగేదేమీ లేదు. వెనిగర్ పెంకునైతే తింటుంది, ఎందుకంటే పెంకు ముప్పాతిక మువ్వీసం సున్నపురాయే. కానీ మన పేచీ పెంకుతో కాదు, దాని లోపలున్న పొరతో. నీళ్లు మార్చినా గుడ్డు మారలేదు.

చివరికి విసిగి సందు చివరి దుకాణంలో అరడజను గుడ్లు తెచ్చాను. పొట్టు అరటితొక్కలా వచ్చింది. ఈ సంగతి తమ్ముడితో అనడం నాదే బుద్ధి తక్కువ. సాయంత్రానికి మరదలి ఫోను. "మా కోళ్లకేం రోగమొచ్చింది వదినా? మందు దాణా తిన్న కోళ్ల గుడ్లు మంచిగైనయా?" గొంతు వణికింది. మామకు తను చేయగలిగింది అదొక్కటే. అదీ పనికిరాదంటే ఆ పిల్లకు ఎలా ఉంటుంది? పదిహేను రోజులు డబ్బా రాలేదు.

దసరాకు ఎల్లారెడ్డి వెళ్లాను. బాపుకు డయాలసిస్ లేని రోజు చూసుకొని ఒక్కదాన్నే, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేశాను. మరదలిని సముదాయించడానికే వెళ్లానని వేరే చెప్పాలా? అక్కడ వాళ్ల పక్కింటామె అంగన్‌వాడీలో ఆయా. మాటల్లో గుడ్ల గొడవ వచ్చింది. ఆమె పకపకా నవ్వింది. గర్భిణులకూ బాలింతలకూ రోజూ ఒక పూట భోజనంతో పాటు గుడ్డు పెట్టే ఆరోగ్య లక్ష్మి పథకం 2015 జనవరిలో మొదలైంది కదా, అప్పట్నుంచి ఆమె చేతిలో ఎన్ని వేల గుడ్లు పొట్టు వదిలాయో!

"తాజా గుడ్డు ఎన్నడు పొట్టియ్యదక్కా. వారం కూసోవెట్టాలె. చల్లటి నీళ్లల్ల వేసి పొయ్యి మీద పెడ్తరు గదా, గదే తప్పు. ఎసరు మసిలినంక ఏయాలె. దించంగనే చల్లటి నీళ్లల్ల ఏయాలె. మాకు గుడ్లొచ్చేసరికే అవి పెట్టి ఎన్నొద్దులైతదో! గందుకే అల్కగొస్తయి."

మా మరదలు నోరు తెరిచి వింటోంది. నేనూ అంతే. ముప్ఫయ్యేళ్ల నర్సు ఉద్యోగం ఆ ఒక్క నిమిషంలో చిన్నబోయింది.

ఆమె చెప్పినదాని వెనకున్న శాస్త్రం ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. గుడ్డు పెంకు గోడలా కనిపిస్తుంది గాని నిజానికి జల్లెడ. కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు కరిగి ఉంటుంది. దానివల్ల ఆ సొనకు క్షారగుణం తక్కువ, పి.హెచ్. కొలతలో 7.6 దగ్గర ఉంటుంది. అలాంటి సొన ఉడికినప్పుడు పెంకు లోపలి పొరను గట్టిగా పట్టుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు రంధ్రాల్లోంచి బయటకు పోతుంది. కొలత 9 దాటుతుంది. అప్పుడా పట్టు సడలుతుంది. గుడ్డు లోపలి తేమ కూడా కొంత ఆరి, మొద్దువైపున ఉండే గాలితిత్తి పెద్దదవుతుంది. గోరు పెట్టడానికి చోటు దొరుకుతుంది. అమెరికాలో గుడ్లు తాజాగా ఉండాలని పెంకుకు నూనె పూసేవారు. రంధ్రాలు మూసుకుపోయి వాయువు లోపలే నిలిచేది. ఆ గుడ్లు ఉడికిస్తే పొట్టు రాదన్న ఫిర్యాదు మీద 1950ల చివరలోనే పరిశోధనలు జరిగాయి. మా మరదలి గుడ్లకు నూనె అక్కర్లేకపోయింది, ప్రేమతో పొద్దున పెట్టినవి మధ్యాహ్నానికే పంపింది!

ఇక మసిలే నీళ్ల సంగతి. చన్నీళ్లలో పెట్టి నెమ్మదిగా వేడిచేస్తే తెల్లసొన తీరిగ్గా గడ్డకడుతూ పొరతో కలిసిపోతుంది. మసిలే నీళ్లలో పడితే అంచున ఉన్న సొన ఒక్కసారిగా బిగుసుకొని, పొరను పట్టుకునే వ్యవధి లేకుండా తనలోకి ముడుచుకుంటుంది.

నమ్మకం కుదరక ఇంట్లో పరీక్ష పెట్టాను. ఎల్లారెడ్డి నుంచి ఆ రోజు గుడ్లు ఆరు, వారం రోజులవి ఆరు తెచ్చుకున్నాను. ప్రతి జట్టులో మూడు చన్నీళ్లలో పెట్టి, మూడు మసిలే నీళ్లలో వేశాను. తాజావి చన్నీళ్లలో పెట్టినవి: పాత కథే, మూడూ గోవిందా. తాజావే మసిలే నీళ్లలో వేసినవి: రెండు బాగా వచ్చాయి, ఒకటి కాస్త చెక్కుకుపోయింది. వారం రోజులవి చన్నీళ్లలో పెట్టినా ఫరవాలేదు. వారం రోజులవి మసిలే నీళ్లలో వేస్తే పాలరాతిలా నున్నగా వచ్చాయి. పన్నెండు గుడ్లతో శాస్త్రం తేలదని తెలుసు. నా వంటింటికి అది చాలు. ఆ తర్వాత ఇడ్లీపాత్రలో ఆవిరి మీద పెట్టి చూశాను. అది ఇంకా మేలు. నీళ్లలో ఎగిరెగిరి పడి పగిలే బాధ కూడా లేదు. వంటసోడా అర చెంచా వేస్తే నీళ్ల క్షారగుణం పెరిగి కొంత సాయపడుతుందంటారు గాని, సోడియం లెక్కపెట్టుకునే రోగికి వండే నీళ్లలో సోడా ఎందుకని నేను ఆ జోలికి పోలేదు.

ఇప్పుడు నేను చేసే పద్ధతి ఇది. గుడ్లు ఫ్రిజ్‌లో ఉంటే పావుగంట ముందు బయట పెడతాను, లేకపోతే వేడికి చిట్లుతాయి. వండే ముందు మాత్రమే కడుగుతాను. కడిగి దాచిన గుడ్డు తొందరగా పాడవుతుంది. నీళ్లు తెర్లుతుండగా గంటెతో ఒక్కొక్కటే దింపి, మంట కొంచెం తగ్గించి, నాటు గుడ్లయితే 10 నిమిషాలు, దుకాణం గుడ్లయితే 12 నిమిషాలు ఉంచుతాను. అంతకుమించి ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ చాయ వస్తుంది. పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి కట్టే రంగు అది. విషం కాదు, భయపడనక్కర్లేదు, చూడ్డానికే బాగుండదు. దించగానే చల్లటి నీళ్లలో పది పదిహేను నిమిషాలు. గుడ్డు ముడుచుకుంటుంది, ఉడకడమూ ఆగుతుంది. తర్వాత మొద్దువైపు ముందు చిట్లించి, అరచేతి కింద ఒక చుట్టు దొర్లించి, ఆ గాలితిత్తి దగ్గర పొరతో సహా పట్టుకొని లాగితే సరి. పొర కింద నీళ్లు చేరితే ఇంకా సులువు, అందుకే గిన్నెలో నీళ్లలో ముంచి తీస్తాను.

ఆ చల్లటి నీళ్ల దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. పొట్టు సులువుగా రావడం కన్నా నాకిదే ముఖ్యం. వేడి గుడ్డు చల్లబడేటప్పుడు లోపలికి పీలుస్తుంది. పెంకు చిట్లి ఉంటే, గిన్నెలోని నీళ్లు, వాటిలో ఏముంటే అది, లోపలికి పోతాయి. తాగడానికి పనికొచ్చే నీళ్లే వాడాలి. మా ఇంట్లో వేసవిలో రంజన్ నీళ్లు వాడతాను. అయితే లోటాతో వేరే గిన్నెలోకి ఒంపుకొని మాత్రమే. రంజన్‌లో గుడ్లు ముంచడం, గుడ్డు ముట్టిన చేయి రంజన్‌లో పెట్టడం రెండూ తప్పే. పచ్చి గుడ్డు పెంకు మీద కోడి రెట్ట మరకలుంటాయి. అందులో విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. పచ్చి గుడ్లు ముట్టిన చేత్తోనే ఉడికిన గుడ్డు వలిస్తే, ఉడకబెట్టిన శ్రమంతా వృథా.

పొట్టు రాకపోతే కొందరు రెండు కొసలా చిల్లి చేసి నోటితో ఉఫ్ అని ఊదుతారు. గుడ్డు బుడుంగున బయటికొస్తుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. ఊదినవాళ్ల నోట్లోని తుంపర్లు కూడా దాంతోపాటే వస్తాయి. రోగికి పెట్టే గుడ్డుతో మాత్రం ఈ గారడీ వద్దు. అలాగే బస్టాండుల్లో పొద్దున వలిచి, సాయంత్రం వరకు పళ్లెంలో పేర్చి ఉంచిన గుడ్లు. కారం, ఉల్లిపాయ చల్లితే నోరూరుతుంది, నాకూ ఊరుతుంది. పొట్టు తీసిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉంటే తినకూడదు. ఎండాకాలంలో ఇంకా తక్కువ. తినాలనిపిస్తే పొట్టుతో ఉన్నది కొనుక్కొని, చేతులు కడుక్కొని మీరే వలుచుకోండి. ఇంట్లోనైతే పొట్టుతోనే ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా ఉంటుంది.

"ఇంత రాద్ధాంతమెందుకు, పచ్చి గుడ్డు పాలలో కొట్టి ఇవ్వరాదూ?" అన్నారు మా పెద్దమ్మ. పాతకాలపు పహిల్వానుల మాట. పచ్చి తెల్లసొనలోని మాంసకృత్తుల్లో దాదాపు సగమే ఒంటబడుతుంది. ఉడికితే తొంభై శాతం దాకా. పైగా జబ్బుమనిషికి క్రిముల భయం. పచ్చి గుడ్డు మాట మరిచిపోవడం మంచిది.

నాటు గుడ్డు, దుకాణం గుడ్డు పోరు గురించి కూడా ఒక్క మాట. మాంసకృత్తుల లెక్కలో రెంటికీ పెద్ద తేడా లేదు, సైజులో ఉంది. నాలుగు దుకాణం గుడ్లు పెట్టాల్సిన చోట నాటువి అయిదు పెడుతున్నాను. పచ్చసొనలు ఏమవుతున్నాయని అడక్కండి. మొదట్లో మా ఆయన, నేను పంచుకున్నాం. తర్వాత ఆయన, "ఇక నా వల్ల కాదు, నాక్కూడా డాక్టరు కావాల్సొస్తుంది" అన్నాడు. ఇప్పుడు సగానికి సగం సందులో కుక్కలపాలు.

ఇది చదివి మూత్రపిండాల జబ్బున్న ప్రతివాళ్లూ నాలుగు గుడ్లు ఉడికించుకోకండి. డయాలసిస్ దాకా రానివాళ్లకు మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండాలకు బరువు. వాళ్ల లెక్క వేరు, మా బాపు లెక్క వేరు. ఎంత తినాలో మీ డాక్టరుగారే చెప్పాలి. నేను చెప్పేది, ఆయన చెప్పినంతా కడుపులోకి వెళ్లే ఉపాయం మాత్రమే.

మరదలు మళ్లీ డబ్బా పంపడం మొదలుపెట్టింది. ఇప్పుడు ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో పెట్టిన రోజు రాస్తోంది: సోమ, మంగళ, బుధ. పెన్నుతో రాయొద్దని నేనే చెప్పాను, సిరా రంధ్రాల్లోంచి లోపలికి దిగుతుంది. మూడో నెల పరీక్షలో ఆల్బుమిన్ 3.3 వచ్చింది. ఇంకా చాలదు. మందులు మార్చారు, పంటి చిగురు వాపు తగ్గింది, ఏది ఎంత పనిచేసిందో ఎవరు చెప్పగలరు?

డబ్బా రాగానే ఊకలోంచి గుడ్లు తీసి వరుసగా పేర్చడం ఇప్పుడు బాపు పని. మార్కెట్టులో బెల్లం దిమ్మెల లెక్క రాసిన మనిషి కదా, కళ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్కదాని మీది రాత చదువుతాడు. వలవడం కూడా నన్ను చేయనివ్వడం లేదు. చేయి వణుకుతుంది, పది నిమిషాలు పడుతుంది, అయినా తనే వలుచుకుంటాడు. మొన్న నేను తొందరలో ఒక గుడ్డు తీసుకొని నీళ్లలో వేయబోతుంటే చేయి పట్టి ఆపాడు.

"గది బేస్తారం గుడ్డు బిడ్డా. ఇంక మూడొద్దులు ఉండనియ్యి."